అయిదు వెంట్రుకల ఎడం

ముప్పై ఎనిమిదో తూటా. మఖ కార్తె, రెండో రోజు. ముసురు.
మందు: ఇరవై నాలుగు గురిగింజల ఎత్తు. ఎడం: అయిదు వెంట్రుకలు. దెబ్బ: కంటి నడుమ.

జాము పొద్దెక్కాక కామందు, అదే మేం అట్లా పిలుచుకునే పాతకాలపు కోతయంత్రం, ఎర్రబండ మలుపులో కనిపించింది. మూడు వందల గజాల దూరం. మా ఓబులేసు కాల్చాడు, కన్ను పగిలింది. అది కాసేపు అక్కడే నిలబడి, కొడవలి చేతులు రెండూ మడుచుకుని, వెనక్కి తిరిగి లోయలోకి దిగిపోయింది. కింద ఎండలో కూర్చుంటే తొమ్మిది రోజులకు కన్ను మళ్ళీ మొలుస్తుంది. ముసురు పడితే పన్నెండు. అందాకా మా ఎగువగేరికి నిశ్చింత.

ఈ పుస్తకం రాసే నేను కాళికాంబను. తూటాలు చేయడం మా ఇంటి పని. మా నాన్న చేశాడు, మా అన్న చేశాడు, ఇప్పుడు నేను. ఓబులేసు మా అన్న కొడుకు, ముప్పై ఆరేళ్ళవాడు. పదిహేనేళ్ళుగా ఊరంతటికీ గురికాడు వాడొక్కడే. పెళ్ళి చేసుకోరా అంటే తుపాకీ తుడుస్తూ కూర్చుంటాడు, మొండి వెధవ. వాణ్ణి ఎత్తుకుని పెంచింది నేనే కాబట్టి తిట్టే హక్కు నాకుంది.

ముసురు కదా, తుపాకీని పొయ్యి పైన పొగగూట్లో వేలాడదీశాను. వానాకాలమంతా మా ఇంట్లో దాని చోటు అదే. చెమ్మ చేరదు, తుప్పు పట్టదు.

ముప్పై తొమ్మిదో తూటా. మఖ కార్తె, పదమూడో రోజు.
మందు: ఇరవై నాలుగు. ఎడం: అయిదు (రెండుసార్లు కొలిచాను). దెబ్బ: కంటి నడుమ.

ఈరోజు నా కళ్ళను నేనే తిట్టుకున్నాను.

మా పనిలో కష్టమైనది మందు తూచడం కాదు, గుండును మందు పోసే ఇత్తడి డొల్లలోకి ఎంత లోతు దింపాలన్నది. తుపాకీ గొట్టం లోపల మెలితిరిగిన చాళ్ళుంటాయి. గుండు డొల్ల వదిలి ఆ చాళ్ళలోకి దూకే ముందు కొంచెం ఖాళీ ఉండాలి. మరీ ఎక్కువైతే గుండు ఒరిగి దూకుతుంది, గురి చెడుతుంది. అసలు లేకపోతే మందు మండినప్పుడు ఊపిరాడక గొట్టమే పగులుతుంది, కాల్చేవాడి ముఖంలోకి. మా నాన్న పెట్టిన లెక్క అయిదు వెంట్రుకలు. చాళ్ళు మొదలయ్యే చోటును గొంతు అంటాం.

ప్రతి తూటాకూ ముందు గొంతును కొలవాలి. ఒక గుండుకు దీపం మసి పట్టించి, ఉత్త డొల్లలో వదులుగా పెట్టి, తుపాకీలోకి తోసి తీస్తే, చాళ్ళు ఎక్కడ తగిలాయో మసి మీద గీతలు పడతాయి. కాల్చేకొద్దీ గొంతు అరిగి ముందుకు జరుగుతుంది. అందుకని ఏటికేడు గుండును కొంచెం పైకి తేలుస్తూ పోతాం. నేను పుట్టినప్పటినుంచీ అది ముందుకు జరగడమే గాని వెనక్కి జరగడం లేదు.

ఈరోజు గీతలు రెండు వెంట్రుకలు ఇవతల పడ్డాయి. మసి మందంగా పట్టిందనుకున్నాను. తుడిచి మళ్ళీ పట్టించాను, మళ్ళీ అంతే. నాకు కంట్లో పొర వస్తోందేమోనని ఎదురింటి పిల్లను పిలిచి చూపిస్తే, అదీ అదే గీత చూపించింది. గుండును రెండు వెంట్రుకలు లోతుకి దింపాను. దెబ్బ బాగానే తగిలింది.

నలభయ్యో తూటా. పుబ్బ కార్తె, తొమ్మిదో రోజు.
మందు: ఇరవై మూడు. ఎడం: అయిదు. దెబ్బ: కంటి కింద అంచు.

గొంతు మరో నాలుగు వెంట్రుకలు ఇవతలికి వచ్చింది.

గుండు లోతుకి దిగేకొద్దీ డొల్లలో మందుకు చోటు తగ్గుతుంది. అదే మందును ఇరుకులో మండిస్తే ఒత్తిడి పెరుగుతుంది. అందుకని ఒక గురిగింజ ఎత్తు తగ్గించాను. తగ్గిస్తే గుండు కిందికి జారుతుంది. అనుకున్నట్టే అయింది. కన్ను పగిలిందే గాని, అంచున పగిలింది. కామందు వెంటనే వెనక్కి తిరగలేదు. పది అడుగులు ముందుకు వచ్చి ఆగింది.

ఓబులేసు వచ్చి తుపాకీ నా చేతికిచ్చాడు. రెండు వేళ్ళు కిందికి పడిందని మాత్రం అన్నాడు. ఎందుకని అడగలేదు. అడగకూడదు. కొలత పనిముట్ల పెట్టెలోనే ఉండాలన్నది మా ఆచారం. తూటా చేసినవాళ్ళు కొలత చెప్పరు, కాల్చేవాడు అడగడు. కాల్చేవాడి బుర్రలో అంకె దూరితే చెయ్యి వణుకుతుందని మా తాత పెట్టిన కట్టుబాటు అది. ఇన్నేళ్ళూ మంచి కట్టుబాటేననుకున్నాను. ఈరోజు మాత్రం దాని వెనక దాక్కున్నాను.

పుబ్బ కార్తె, పదకొండో రోజు. తూటా లేదు.

గొంతును తొలిచాను. చేతి బర్మాకు సన్న ములికి బిగించి, పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా గీకి, పాత కొలతకు తెచ్చాను. మసి గుండు పెట్టి చూస్తే అయిదుకు అయిదు వచ్చింది. హమ్మయ్య అనుకుని తుపాకీని పొగగూట్లో పెట్టి అన్నం తిన్నాను.

పుబ్బ కార్తె, పన్నెండో రోజు.

పొద్దున్నే కొలిచాను. నేను గీకిన చోట నిన్నటికన్నా ఎక్కువ పూడింది.

గొట్టాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పొయ్యి ఆరి గంటైనా వెచ్చగానే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, ఈ గొట్టం దేనితో చేశామో.

పాత గొట్టం అరిగిపోయి పోయినేడు వానలు వెలిశాక పనికిరాకుండా పోయింది. ఆ ఏడే కొండచరియ విరిగి కామందు మీద పడితే దాని ఇరుసు కడ్డీ ఒకటి విరిగింది. అది కొత్త కడ్డీ మొలిపించుకుని, విరిగిన ముక్కను దారిలో వదిలేసి పోయింది. మానే లోహం అది. ఎప్పటి మనుషులో చేసిపోయారు. వేడి తగిలితే చాలు, విరిగింది మొలుస్తుంది, తెగింది అతుక్కుంటుంది. ఒంటినుంచి విడిపోయిన ముక్క చచ్చిందనే అనుకున్నాం. మూడు నెలలు నేనే తొలిచి, చాళ్ళు తీసి, దాన్ని గొట్టం చేశాను. ఇంత గట్టి లోహం మన చేతికొచ్చిందని ఊరంతా పొగిడితే ఉబ్బిపోయాను కూడా.

దాన్ని తీసుకెళ్ళి వానాకాలమంతా పొయ్యి పైన వేలాడదీశాను. పాత ఇనుముకు చేసిన మర్యాదే దీనికీ చేశాను. నా అంత బుద్ధిలేనిది ఈ కొండ మీద ఇంకొకతె ఉండదు.

అప్పుడు తొలిచిన రజను ఒక రేకు డబ్బాలో పోసి అదే పొగగూట్లో దాచాను, ఎప్పటికైనా పనికొస్తుందని. దించి మూత తీశాను. లోపల రజను లేదు. సన్నటి కడ్డీ ఉంది, నా చిటికెన వేలి మందాన. దాని ఒంటి చుట్టూ మెలితిరిగిన గట్లున్నాయి. నేను తీసిన చాళ్ళకు సరిగ్గా సరిపోయే గట్లు. గొట్టంలోంచి నేను తీసేసిన భాగం, డబ్బాలో కూర్చుని, మళ్ళీ తనంతట తానే తయారైంది.

మూత పెట్టేశాను. గొట్టం తనను గొట్టం అనుకోవడం లేదు. అది కడ్డీనని దానికి ఇంకా గుర్తుంది.

నలభై ఒకటో తూటా. ఉత్తర కార్తె, నాలుగో రోజు.
మందు: ఇరవై ఒకటి. ఎడం: మూడు. దెబ్బ: కంటి కింద అంచు, పైపైన.

తుపాకీని తడి ఇసుకలో పూడ్చి ఉంచుతున్నాను. పెరగడం మందగించింది, ఆగలేదు. కాల్చిన ప్రతిసారీ గొట్టం వేడెక్కుతుంది కదా. మమ్మల్ని కాపాడే దెబ్బే దానికి ఆహారం.

గుండును ఇంతకన్నా లోతుకి దింపితే డొల్ల మెడ దాటి లోపల పడిపోతుంది. అందుకే ఎడం మూడుకు తగ్గించాల్సి వచ్చింది. కాల్చేటప్పుడు వాడి చెంప ఆ గొట్టానికి బెత్తెడు దూరంలో ఉంటుంది. ఈరోజు చప్పుడు వేరుగా ఉంది, పొడిగా, పైకి. డొల్ల అడుగు ఉబ్బి వచ్చింది. వాడు దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసి నా పెట్టెలో వేశాడు.

కామందు ఈసారి ఇరవై అడుగులు ముందుకు వచ్చి ఆగింది.

నలభై రెండో తూటా. హస్త కార్తె, మొదటి రోజు. ఎండ.
మందు: ఇరవై. ఎడం: రెండు. దెబ్బ: కంటి అంచు. కన్ను సగమే పగిలింది.

సగం కన్నుతోనే వెనక్కి వెళ్ళింది. సగం మొలవడానికి తొమ్మిది రోజులు పట్టదు. అయిదారు రోజుల్లో వస్తుంది.

తుపాకీ వెనక్కి తన్నేటప్పుడు వాడి దవడ కమిలింది. చెంబులో వేణ్ణీళ్ళు పెట్టి కాపడం పెడుతూ కట్టుబాటు తప్పాను. అన్నీ చెప్పాను. గొంతు, డబ్బా, పొగగూడు, రెండు వెంట్రుకలు. ఇంకోసారి కాలిస్తే నీ ముఖం ఉండదని చెప్పాను.

వాడు ఆశ్చర్యపోలేదు.

"నాకు తెల్సత్తా. గుండు పోయేటప్పుడు లోపల ఒరుసుకుంటాంది. నెల రోజుల నుంచి తెలుస్తానే ఉండాది."

మరెందుకు చెప్పలేదురా అన్నాను.

"నేను చెప్తే నీ చెయ్యి వణుకుతాది గదా. తూటా చేసే చెయ్యి."

నాకు ఏడుపొచ్చింది. ఇద్దరం ఒకరి చెయ్యి కోసం ఒకరం నోరు మూసుకున్నాం. ఈలోపు గొట్టం తన పని తాను చేసుకుపోయింది.

హస్త కార్తె, మూడో రోజు.

ఊరంతా కూర్చున్నాం. మా పెద్ద బొజ్జన్న జొన్న కంకి ఒకటి తెచ్చి గింజ చిదిమి చూపించాడు. పాలు వచ్చాయి. గింజ గట్టిపడడానికి ఇంకా పన్నెండు రోజులు కావాలి. ఇప్పుడు కోసుకుంటే చొప్ప తప్ప గింజ రాదు.

కాల్చకపోతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. నిలబడి ఉన్నదేదైనా కామందు జానెడు ఎత్తున కోస్తుంది, కట్టలు కట్టి దారి పక్కన పేరుస్తుంది, ఎన్నటికీ రాని లారీ కోసం. జొన్నా, గుంజా, గొడ్డా, మనిషా అని చూడదు. ఆ కట్టల తీగ కూడా మానే లోహమే. తెంచితే చేతిలోనే అతుక్కుంటుంది. అయిదేళ్ళ కిందట దిగువగేరిని కోసినప్పుడు చూడ్డానికి వెళ్ళాం. కట్టలన్నీ ఒకే ఎత్తున, ఎంతో శుభ్రంగా ఉన్నాయి. కొన్నింట్లో చీరలు కనిపించాయి.

అక్కడ బతికింది సుంకులమ్మ ఒక్కతే. నడుం పడిపోయి చాప మీద ఉండేది. తన మీదుగా పోయిందని చెబుతుంది. అందుకే నేను లేచి, అందరం నేల మీద బోర్లా పడుకుందాం, పంట పోతే పోయింది, మనుషులం మిగులుతాం అన్నాను.

పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. బొజ్జన్న మాత్రం మెత్తగానే మాట్లాడాడు.

"కాళికమ్మా, నువ్వు చెప్పేది నిజమే అయ్యుండొచ్చు. తిండి లేకుంటే ఈ నూట నలభై మందీ వేసవి దాటరు. ఒక్క దెబ్బ. అదొక్కటి దాటితే పంట మనది."

దాటకపోతే అని అడిగాను. వాళ్ళంతా ఓబులేసు వైపు చూశారు.

"నేను కాలుస్తా. చేసియ్యి అత్తా," అన్నాడు వాడు.

ఊరు అడిగితే తూటా చేసి తీరాలన్నది కూడా కట్టుబాటే. సరేనన్నాను. ఒక్క మాట మాత్రం అందరి చేతా ఒప్పించాను. ఆరోజు ఓబులేసు తప్ప ఇంకెవరూ నిలబడి ఉండకూడదు, గొడ్లను కూడా పడుకోబెట్టి కాళ్ళు కట్టేయాలి. ముసలిదాని చాదస్తమని ఒప్పుకున్నారు.

నలభై మూడో తూటా. హస్త కార్తె, ఆరో రోజు.
మందు: పందొమ్మిది. ఎడం:

పొద్దున్నే మసి గుండు పెట్టి కొలిచాను. ఎంత వచ్చిందో రాయలేదు. ఈ పుస్తకంలో ఖాళీ గడి ఇదే మొదటిది.

తర్వాత త్రాసు తీసి, నది ఇసుక పందొమ్మిది గురిగింజల ఎత్తు తూచాను. ఒక్క రేణువు ఎక్కువ పడితే తీసేసి మళ్ళీ తూచాను. బరువు తేడా వాడి వేళ్ళు పసిగడతాయి. డొల్ల అడుగున మందును అంటించే టోపీగా, ఇదివరకే కాలిపోయిన పాతదాన్నే నొక్కు సరిచేసి, మెరుగుపెట్టి బిగించాను. ఇసుక పోసి, గుండును దింపి, చీరకొంగుతో తుడిచాను. చూస్తే ఎంత ముచ్చటైన తూటా. మా నాన్న ఉంటే నా చెంప పగలగొట్టేవాడు. పైన మందు అని రాశానే, అది అబద్ధం. ఈ పుస్తకంలో మొదటి అబద్ధం కూడా అదే.

తూటాను వాడి అరచేతిలో పెట్టాను. వాడు నా కాళ్ళకు దండం పెట్టుకుని వెళ్ళాడు.

కామందు మధ్యాహ్నం వచ్చింది. ఎర్రబండ మలుపులో ఆగలేదు. కొత్తగా మొలిచిన కన్ను తడిగా మెరుస్తోంది. ఊరంతా బోర్లా పడుకుని ఉంది. పసిపిల్లల నోళ్ళకు కొంగులు అడ్డంపెట్టారు. నేను ఓబులేసు వెనక పదడుగుల్లో పడుకున్నాను. వాడొక్కడే జొన్నచేల ముందు నిలబడి ఉన్నాడు.

రెండు వందల గజాలు. వాడు ఊపిరి బిగబట్టడం వెనకనుంచి తెలుస్తోంది. మీట నొక్కాడు. టక్ మంది, అంతే. వాడు తూటా తీసి, టోపీ మీద పాత నొక్కు జాడ చూశాడు. మెల్లగా తల తిప్పి నన్ను చూశాడు. ఏం జరిగిందో వాడికి అర్థమైపోయింది.

"పడుకోరా," అన్నాను.

పడుకోలేదు. పదిహేనేళ్ళు దాని ముందు నిలబడినవాడు, కాళ్ళు ఎట్లా వంచాలో తెలీనట్టు అట్లాగే నిలబడ్డాడు. నేను పాకుతూ వెళ్ళి, కాళ్ళు రెండూ పట్టుకుని లాగాను. నా అరవై రెండేళ్ళ ఒంట్లో అంత బలం ఉందని నాకూ తెలీదు. వాడు తుపాకీతో సహా నా పక్కన పడ్డాడు. వాడి మీద చెయ్యి వేసి నేలకు అదిమాను.

అప్పుడది మా మీదకు వచ్చింది. ఎండ పోయి నీడ పడింది. పచ్చి చొప్ప కోసిన వాసన వేసింది. కొడవళ్ళు నా వీపు మీద గాలిని కోసుకుంటూ పోతున్నాయి. గాలికి నా పైట లేచింది, అంతలో ఆ అంచు లేకుండా పోయింది. ఉన్నట్టుండి అది ఆగింది. మా ఇద్దరి మధ్య ఇరుక్కున్న గొట్టం వెచ్చబడడం మొదలైంది. దానికి ఎండ తగలడం లేదు, పొయ్యి లేదు, మందు మండలేదు. అయినా నా పక్కటెముకల కింద వెచ్చగా, ఇంకా వెచ్చగా అయింది, లోపల ఏదో సన్నగా గుర్రుమంటోంది. పైన కామందు కూడా అట్లాగే గుర్రుమంది. ఒకదానికొకటి ఏం చెప్పుకున్నాయో నాకు తెలీదు. ఓబులేసు గుండె చప్పుడు నా చేతికి తెలుస్తోంది. అదొక్కటే లెక్కపెట్టుకుంటూ ఉన్నాను.

నూట ఆరు దాకా లెక్కపెట్టాక అది కదిలి చేలలోకి వెళ్ళింది.

సాయంత్రానికి పని ముగించుకుని దిగిపోయింది. మనుషులందరం ఉన్నాం. కట్లు తెంపుకుని లేచిన రెండు ఎద్దులు పోయాయి. ఇళ్ళన్నీ జానెడు గోడలు మిగిలాయి. పాలకంకుల జొన్న మొత్తం దారి పక్కన కట్టలుగా ఉంది. ఒక కట్టలో నా పైట అంచు కనిపించింది.

చిత్త కార్తె, నాలుగో రోజు. తూటా లేదు.

ఇసుక సంగతి తెలిశాక బొజ్జన్న నా త్రాసు తీసుకుపోయాడు. తప్పనలేను. ఆడవాళ్ళు నేను కనిపిస్తే పిల్లల్ని అటు తిప్పుకుంటున్నారు, నేనేదో వాళ్ళ కంచంలోంచి ఎత్తుకుపోయినట్టు. నిజంగా ఎత్తుకుపోయాను కూడా. అడవి గడ్డలు తవ్వి తింటున్నాం. నిన్న సుంకులమ్మకు జ్వరం వచ్చింది. గంజి కాయడానికి పిడికెడు గింజలు దొరకలేదు.

కామందు మళ్ళీ రాలేదు. నిలబడినదేదీ లేదు మరి.

తుపాకీ గొట్టానికి ఇప్పుడు రెండు వైపులా నున్నటి లోహమే. మసి గుండు పెట్టడానికి రంధ్రమే లేదు. ఆరోజు గుండు దాటేదో దాటేది కాదో ఇక ఎవరూ కొలిచి చెప్పలేరు. ఆ పొద్దున కొలత ఎంత వచ్చిందో నాకు మాత్రమే తెలుసు.

ఓబులేసు పన్నెండు రోజులు నాతో మాట్లాడలేదు. తవ్విన గడ్డలు తెచ్చి నా ముందు పెట్టి పోయేవాడు. ఈరోజు పెట్టాక పోలేదు. గోడ మీద కూర్చుని, నేల చూస్తూ అడిగాడు.

"ఎంతుండె?"

అబద్ధం చెప్పొచ్చు. ఏమీ లేదురా, మూసుకుపోయిందని చెబితే వాడు నన్ను క్షమించేవాడు. ఊరు కూడా క్షమించేది.

"ఒక వెంట్రుక," అన్నాను.

వాడి దవడ బిగుసుకుంది.

"అయితే దాటేదేమో."

"దాటేదేమో. దాటకపోయుంటే ఆ సంగతి నాకు తెలిసేది, నీకు కాదు. మళ్ళీ అడిగినా ఇసుకే పోస్తాను నాయనా."

వాడు నన్ను తేరిపార చూశాడు. కోపంతోనే చూశాడు. చూడనీ. నేను కూడా వాడి ముఖాన్ని, రెండు కళ్ళనూ, దవడ మీద మానుతున్న కమిలిన మచ్చనూ, కడుపు నిండా చూసుకున్నాను. తర్వాత వాడు పార తీసుకుని గడ్డలు తవ్వడానికి పోయాడు.